చేపలు గుడ్లు పెట్టే తొట్టికి అడుగున రాళ్లు వేయాలా?

చేపల చేత పిల్లలు పెట్టించే తొట్టి అడుగున ఇసుకో గులకరాళ్లో పరవాలా, గాజును ఖాళీగా వదిలేయాలా అన్న ప్రశ్నకు జవాబు గుడ్డులో ఉంది. తల్లి నుంచి బయటపడ్డాక ఆ గుడ్డు ఎటు పోతుందో చూడాలి. కొన్ని చేపల గుడ్లు విడివిడిగా జారి అడుక్కి చేరతాయి. కొన్ని జిగురుగా ఉండి ఆకుకో రాతికో అంటుకుంటాయి. కొన్ని నూనె బొట్టు సాయంతో నీటి మీద తేలతాయి. కొన్నింటిని తల్లో తండ్రో నోట్లో దాచుకుంటుంది. కొన్ని బురదలో పూడుకుపోయి నెలల తరబడి అక్కడే ఉంటాయి. గప్పీ, మోలీ లాంటివి గుడ్లు పెట్టవు, ఏకంగా పిల్లల్నే కంటాయి. ఈ తేడా చూసుకోకుండా అన్ని తొట్లకీ ఒకే తీరున రాళ్లు పోస్తే గుడ్లు కనపడకుండా పోతాయి, పిల్లలు దక్కవు, ఎందుకు దక్కలేదో కూడా అంతుపట్టదు.

అక్వేరియం కొన్నప్పుడు గాజు తొట్టితో పాటు రంగురాళ్ల సంచి కూడా ఇంటికి రావడం మామూలే. చూడటానికి పెట్టుకునే తొట్టికి అందులో తప్పులేదు. పైగా ఆ రాళ్ల వల్ల ఒక మేలు ఉంది. చేపలు విడిచే వ్యర్థాల నుంచి అమోనియా పుడుతుంది. అది చేపలకు విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద పొరలా పేరుకుని బతుకుతుంది. రాళ్లు ఎక్కువైతే బ్యాక్టీరియాకు చోటూ ఎక్కువ. కానీ గుడ్ల తొట్టి పని వేరు. అందులో నీరు తక్కువ, మేత రోజుకు నాలుగైదు సార్లు, ప్రాణులు ఆవగింజ కన్నా చిన్నవి. రాళ్ల సందుల్లోకి జారిన మేత కంటికి కనపడదు, కుళ్లుతుంది. ఆ కుళ్లు మీదే బూజు పెరుగుతుంది. ఫలదీకరణ జరగని గుడ్డు తెల్లబడగానే సాప్రోలెగ్నియా అనే నీటి బూజు దాన్ని పట్టుకుని, పక్కనున్న మంచి గుడ్లకూ దారాలు చాస్తుంది. గాజు అడుగు మీదైతే తెల్లబడ్డ గుడ్డును డ్రాపర్‌తో తీసేయవచ్చు. రాళ్ల మధ్య అది ఎక్కడుందో వెతకడమే కుదరదు.

బ్యాక్టీరియా కోసం రాళ్లే ఉండాలని లేదు. గాలి పంపుకు తగిలించిన స్పాంజి ఫిల్టర్ ఆ పని చేస్తుంది. పిల్లల్ని లోపలికి లాక్కోదు కూడా. అయితే కొత్త స్పాంజి వెంటనే పనికిరాదు. దాన్ని కొన్ని వారాల ముందే పెద్ద చేపలున్న తొట్టిలో ఉంచి, బ్యాక్టీరియా పట్టాక గుడ్ల తొట్టిలోకి మార్చాలి. ఖాళీ అడుగుతో దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క జాగ్రత్త వదిలేసినవాళ్లే.

విడివిడిగా జారిపడే గుడ్ల సంగతికి జీబ్రా చేప మంచి ఉదాహరణ. ఇది మన ఉపఖండానికి చెందిన చేప. గంగా పరీవాహక ప్రాంతపు చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వెలువరించిన గ్రంథంలో దీని వర్ణన ఉంది. ఇప్పుడు ప్రపంచమంతటా జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఇది కనిపిస్తుంది. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలోనూ దీని మీద పరిశోధనలు సాగుతున్నాయి. తెల్లవారి వెలుతురు పడగానే ఇవి గుడ్లు వదులుతాయి. గుడ్డు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, జిగురు ఉండదు, నేరుగా అడుక్కి పోతుంది. వదిలిన మరు నిమిషం తల్లిదండ్రులే వాటిని తినడం మొదలుపెడతాయి. అందుకని ప్రయోగశాలల్లో రెండు డబ్బాలను ఒకదానిలో ఒకటి దింపుతారు. లోపలి డబ్బాకు అడుగున జల్లెడ ఉంటుంది. గుడ్లు జల్లెడలోంచి కిందికి జారతాయి, పెద్ద చేపలు పైనే ఉండిపోతాయి. ఇసుక, రాళ్లు అసలుండవు. 28 డిగ్రీల వేడిలో రెండు మూడు రోజులకు పిల్లలు బయటికి వస్తాయి.

ఇంట్లో ఇదే పని గోలీలతో అవుతుంది. పిల్లలు ఆడుకునే గాజు గోలీలను తొట్టి అడుగున రెండు వరసలు పరిస్తే గుడ్లు వాటి సందుల్లోకి దిగుతాయి, పెద్ద చేపల మూతి అక్కడిదాకా అందదు. మర్నాడు చేపల్ని తీసేసి, గోలీల్ని మెల్లగా ఎత్తేస్తే గుడ్లు గాజు మీద మిగులుతాయి. రోజీ బార్బ్ లాంటి చేపలకూ ఈ గోలీలు పనికొస్తాయి. అడుగు పరుపు గుడ్డును కాపాడే సందర్భం ఇది. కాకపోతే ఆ పరుపు నున్నగా ఉండాలి, గంటలో తీసేయగలిగేదై ఉండాలి. సన్నటి గ్రావెల్‌కు ఈ రెండు గుణాలూ లేవు.

ఇలాంటి సరంజామా వెతుక్కోవడానికి బేగం బజార్ కన్నా మంచి చోటు హైదరాబాద్‌లో లేదు. రెండో నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలిసిన ఈ బజారు నేటికీ నగరంలో పెద్ద హోల్‌సేల్ అంగడి. చేపల మార్కెట్టూ ఇక్కడే ఉంది. ప్లాస్టిక్ టబ్బులు, జల్లెడలు, నైలాన్ దారాలు, పైపు ముక్కలు ఈ గల్లీల్లో చవగ్గా దొరుకుతాయి. గుడ్ల తొట్టికి కావలసిన సామానులో సగానికి పైగా అక్వేరియం దుకాణంతో సంబంధం లేనిదే.

జిగురు గుడ్ల చేపల్లో గోల్డ్ ఫిష్, బంగారు తీగ ముఖ్యమైనవి. రెండూ ఒకే కుటుంబానివి, అలవాట్లూ ఒకటే. మగది తరుముతుంటే ఆడది నీటి మొక్కల్లో దూరి గుడ్లు విదిలిస్తుంది. అవి తగిలిన చోట అంటుకుంటాయి. ఇక్కడ కావలసిన పరుపు అడుగున కాదు, నీటి మధ్యలో. చేపల రైతులు బంగారు తీగను హాపాలో, అంటే నీళ్లలో కట్టిన దోమతెర గుడ్డ పెట్టెలో, వదిలినప్పుడు అందులో నాచు మొక్కలు వేస్తారు. ఆడ చేప బరువుకు రెట్టింపు నాచు వేయడం వాడుక. గుర్రపు డెక్క వేళ్లూ ఇందుకు పనికొస్తాయి. ఇండోనేషియాలో తాటి జాతి చెట్టు నల్ల పీచును వెదురు బద్దల మధ్య బిగించి కకబాన్ అనే పరుపు తయారుచేస్తారు. అది తేలుతూ ఉంటుంది, గుడ్లు పట్టగానే దాన్ని ఎత్తి వేరే చెరువులో పెడతారు. ఇంట్లో గోల్డ్ ఫిష్‌కు పచ్చరంగు నైలాన్ ఊలును జూలులా కట్టి వేలాడదీస్తే సరిపోతుంది. గుడ్లు పట్టిన ఊలును ఇంకో తొట్టికి మార్చడం సులువు, మరిగించి మళ్లీ వాడుకోవచ్చు. తొట్టి అడుగున రాళ్లుంటే మాత్రం ఊలుకు తగలకుండా రాలిన గుడ్లన్నీ వాటి సందుల్లో చిక్కుకుని బూజుపడతాయి.

ఏంజెల్ చేపకు నిటారుగా ఉన్న నున్నటి చోటు కావాలి. వెడల్పాటి ఆకు, పలక రాయి, ఏమీ లేకపోతే ఫిల్టర్ పైపు. జంట ముందుగా ఆ చోటును నోటితో శుభ్రం చేసుకుని, వరసలు వరసలుగా గుడ్లు అంటిస్తుంది. ఖాళీ తొట్టిలో ఒక పీవీసీ పైపు ముక్క నిలబెడితే దానికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. డిస్కస్ చేపలకైతే బోర్లించిన మట్టి కుండీ పెడతారు. డిస్కస్ పిల్లలు మొదటి రోజుల్లో తల్లిదండ్రుల ఒంటి మీది జిగురునే తిని బతుకుతాయి. తొట్టిలో అలంకారాలు ఎక్కువైతే అవి తల్లిని చేరలేక దారి తప్పుతాయి. ఈ చేపకు ఖాళీ అడుగు దాదాపు తప్పనిసరి అనవచ్చు.

ఫైటర్ చేప సంగతి ఇంకా ముఖ్యం. మగ ఫైటర్ నీటి మీద బుడగలతో గూడు కడుతుంది. ఆడది వదిలిన గుడ్లు గూట్లోకి వాటంతట అవి పోవు, కిందికి జారతాయి. మగది ఒక్కో గుడ్డునూ నోటితో అందుకుని గూట్లోకి ఊదుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగిలాక కూడా ఇదే చాకిరీ. గూట్లోంచి జారిన ప్రతి పిల్లనూ అది వెతికి పైకి తెస్తుంది. అడుగున గ్రావెల్ ఉంటే తండ్రి కంటికి గుడ్డు ఆనదు, నోటికి అందదు. పది పదిహేను సెంటీమీటర్ల నీరు, ఖాళీ అడుగు, పైన ఒక బాదం ఆకు ఉంటే దాని పని తేలికవుతుంది. ఫైటర్ తొట్టికి రంగురాళ్లు వేయడం ఆ తండ్రి కష్టాన్ని వృథా చేయడమే.

తేలే గుడ్లకు అడుగుతో పనే లేదు. మన కొరమీను ఇందుకు ఉదాహరణ. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తె నాడు బేగం బజార్‌కు దగ్గర్లోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదంలో వాడేదీ వేలెడంత కొరమీను పిల్లనే. కొరమీను జంట వానల కాలంలో గట్టు పక్కన మొక్కలు దట్టంగా ఉన్నచోట నీటిపైన కొంత మేర ఖాళీ చేసుకుంటుంది. పసుపు పచ్చని గుడ్లు అక్కడ పొరలా తేలతాయి. పిల్లలు ఎర్రటి గుంపుగా తిరుగుతున్నన్నాళ్లూ తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. తొట్టిలోనో సిమెంటు కుండీలోనో కొరమీను చేత గుడ్లు పెట్టించాలంటే నీటి పైభాగంలో గుర్రపు డెక్కో నాచో ఉండాలి, ఎగిరి బయటపడకుండా పైన వల కప్పాలి. అడుగున ఏముందన్నది ఆ చేప పట్టించుకోదు.

కట్ల, రోహు, మృగాల గుడ్లు మరో తరహా. అవి జిగురుగా ఉండవు, పూర్తిగా తేలవు, మునగవు. నీరు పీల్చి నాలుగైదు మిల్లీమీటర్ల దాకా ఉబ్బి, పారే నీటిలో కొట్టుకుపోతూ పొదుగుతాయి. ఇవి వరద పారే నదుల్లో తప్ప చెరువుల్లో గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్ని పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ తేదీనే దేశంలో జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతారు. ఆ తర్వాత చైనా తరహా గుండ్రటి సిమెంటు హేచరీలు వచ్చాయి. వాటి అడుగున ఇసుక రేణువు కూడా ఉండనివ్వరు. గొట్టాల నుంచి ఏటవాలుగా కొట్టే నీరు కుండీలో గుండ్రంగా తిరుగుతూ గుడ్లను అడుగున పేరుకోనివ్వదు. కిలో బరువున్న ఆడ చేప లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. అన్ని గుడ్లు ఒకచోట పేరుకుంటే కింద ఉన్నవాటికి ఊపిరి అందదు. నీటి కదలికే వాటికి పరుపు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే కట్ల, రోహుల వెనక ఉన్నది ఈ ఖాళీ సిమెంటు అడుగే.

అడుగు పరుపు నిజంగా కావలసిన చేపలూ ఉన్నాయి. ఆఫ్రికాలో వానాకాలపు గుంటల్లో బతికే నోథోబ్రాంకియస్ జాతి కిల్లీ చేపలు వాటిలో మొదటివి. గుంట ఎండిపోయేలోగా ఇవి బురదలో గుడ్లు దించి చనిపోతాయి. గుడ్లు పొడి మట్టిలో నెలల తరబడి ఉండి, మళ్లీ వాన పడ్డాక పగులుతాయి. వీటికి పెంపకందారులు ఒక గిన్నెలో పీట్ గానీ, మరగబెట్టి రంగు దిగేదాకా కడిగిన కొబ్బరి పీచు పొడి గానీ పోసి తొట్టిలో పెడతారు. గుడ్లు దిగాక ఆ పొడిని పిండి, సంచిలో కట్టి దాస్తారు. గాజు అడుగున్న తొట్టిలో ఈ చేప గుడ్డుకు జీవితచక్రమే సాగదు. కేరళ రాష్ట్ర చేప కరిమీన్ గుడ్లను కర్రకో రాయికో అంటించి, పొదిగిన పిల్లల్ని అడుగున తవ్విన గుంటల్లోకి మారుస్తుంది. దానికి నాలుగు వేళ్ల మందాన ఇసుక పోస్తే దాని సహజమైన తీరు సాగుతుంది.

గుంట తవ్వే ప్రతి చేపకూ ఇసుక తప్పదని మాత్రం అనుకోకూడదు. మగ తిలాపియా చెరువు అడుగున గుండ్రటి గుంట తవ్వి ఆడదాన్ని పిలుస్తుంది. ఆడది గుడ్లు పెట్టి, వాటిని నోట్లోకి తీసుకుంటుంది. అయినా తిలాపియా విత్తనాన్ని మట్టి అడుగే లేని హాపాల్లో కోట్లలో తీస్తున్నారు. విజయవాడ సమీపంలోని మానికొండలో రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్ పెంచే గిఫ్ట్ రకం కూడా తిలాపియాయే. గుడ్డు చివరికి నోట్లోకే పోతుంది గనక గుంట లేకపోయినా పని ఆగదు. చేప చేసే ప్రతి పనీ గుడ్డు బతకడానికి అవసరమా, కాదా అని విడదీసి చూడటం పెంపకందారుకు రావాలి. కోరిడోరస్‌కు ఇసుక కావాలనడంలోనూ ఇలాంటి తికమకే ఉంది. మూతి మీసాలతో అడుగు వెతికే ఆ చేపకు మామూలు రోజుల్లో మెత్తటి ఇసుక మంచిది. కరుకు రాళ్ల మీద మీసాలు అరిగిపోతాయి. గుడ్లు మాత్రం అది గాజు గోడలకు అంటిస్తుంది.

గప్పీ, మోలీ, ప్లాటీలకు గుడ్ల బెడద లేదు గానీ, పుట్టిన పిల్లను తల్లే మింగే ప్రమాదం ఉంది. పిల్లలు పుట్టగానే పైకి ఈదుతాయి గనక తేలే మొక్కల గుబురు వాటిని కాపాడుతుంది. అడుగు రాళ్ల వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పిల్లలు ఈదడం మొదలుపెట్టాక ఏ జాతికైనా ఖాళీ అడుగే మేలు. పొదిగించిన ఆర్టీమియా చేపపిల్లల మేతల్లో శ్రేష్ఠమైనది. కానీ అది ఉప్పునీటి జీవి, మంచినీటిలో కొన్ని గంటలకు మించి బతకదు. తినగా మిగిలింది అడుగున నారింజ రంగు పొరలా కనిపిస్తే సన్నటి గాలి గొట్టంతో లాగేయవచ్చు. ఎంత మేత వేయాలో కూడా ఆ పొర చూసే తెలుస్తుంది. రాళ్లున్న తొట్టిలో మేత ఎక్కువైనా తెలియదు, చచ్చిన పిల్ల కనపడదు, హైడ్రా చేరినా గుర్తుపట్టలేరు. హైడ్రా చిన్న పిల్లల్ని పట్టి తినే జీవి, మిగిలిన ఆర్టీమియా మీద అది తామరతంపరగా పెరుగుతుంది. మందు వేయాల్సి వచ్చినా ఖాళీ తొట్టిలో మోతాదు లెక్క సరిగ్గా నిలుస్తుంది. సున్నపు రాళ్లుంటే రాగి కలిసిన మందుల్లో కొంత వాటికే పట్టుకుపోతుంది.

ఖాళీ అడుగుకు ఇబ్బందులూ ఉన్నాయి. గాజులో తన నీడ చూసి కొన్ని చేపలు బెదురుతాయి. తొట్టి కింద బయటివైపు నల్ల కాగితం అంటిస్తే ఆ బెదురు పోతుంది. మొక్కలు నాటడానికి మట్టి లేకపోతే వాటిని చిన్న మట్టి కుండీల్లో పెట్టి దించవచ్చు, కడగాలనుకున్నప్పుడు కుండీతో సహా తీయవచ్చు. అన్నిటికన్నా పెద్ద లోటు ఒకటుంది. గౌరామి లాంటి చేపల పిల్లలు మరీ సన్నవి, ఆర్టీమియా కూడా వాటి నోట పట్టదు. పాత తొట్టిలో నాచు, ఆకుల మధ్య పుట్టే సూక్ష్మజీవులే వాటి తొలి ఆహారం. కడిగి పెట్టిన కొత్త గాజు తొట్టిలో అవి ఉండవు. అలాంటి చేపలకు అడుగు ఖాళీగానే ఉంచి, పాత తొట్టి నుంచి ఒక గుప్పెడు నాచు మొక్క, ఒకటి రెండు ఎండు బాదం ఆకులు వేస్తే రెండు లాభాలూ దక్కుతాయి. బాదం ఆకు నీటికి లేత గోధుమ రంగు తెస్తుంది, బూజును కొంత అదుపులో పెడుతుంది.

పరుపు వేయాలనే తేలితే ఏ రాయి అన్నది తర్వాతి ప్రశ్న. పాలరాతి ముక్కలు, గవ్వలు, పగడపు ముక్కలు నీటిలో కొద్దికొద్దిగా కరిగి గట్టిదనాన్ని పెంచుతాయి. హైదరాబాద్‌లో బోరు నీరు చాలా చోట్ల అసలే గట్టినీరు. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి మెత్తటి నీటి చేపల గుడ్లు అందులో సరిగా పొదగవు. కొనే ముందు రాయి మీద నాలుగు చుక్కలు నిమ్మరసమో వెనిగరో వేసి చూడాలి. నురగ వచ్చిందంటే అందులో సున్నం ఉంది. ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లకు ఆ రాయి మంచిదే, మెత్తటి నీటి చేపలకు పనికిరాదు. రంగు పూసిన రాళ్లు ఒక రాత్రి బకెట్ నీళ్లలో నానబెడితే రంగు దిగుతుందో లేదో తెలుస్తుంది. దిగితే గుడ్ల తొట్టికి వాటిని వాడకూడదు. పరుపు మందం ఎంత తక్కువైతే అంత మంచిది. ఇసుక మందంగా పేరుకుంటే అడుగు పొరలకు గాలి అందక కుళ్లిన గుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. చేపపిల్లలు దాన్ని తట్టుకోలేవు.

మొత్తం మీద ఇంట్లో పిల్లలు పెట్టించాలనుకునేవాళ్లు ఖాళీ అడుగుతో మొదలుపెట్టడమే సరైనది. చేప స్వభావం కోరినప్పుడే పరుపు వేయాలి, అదీ గిన్నెలోనో ట్రేలోనో వేసి, ఎత్తి తీయగలిగేలా.

సక్కర్ చేప విషయంలో ఒక విన్నపం. గాజు మీది పాచి తింటుందని కొనే ఈ దక్షిణ అమెరికా చేప ఇంటి తొట్టిలో గుడ్లు పెట్టడం అరుదు. దానికి కావలసింది రాళ్ల పరుపు కాదు, మట్టి గట్టు. గట్టులో మీటరు దాకా బొరియ తవ్వుకుని అందులో గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. పెద్దదైపోయిందని దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలితే, తొట్టిలో దొరకనిది అక్కడ దొరుకుతుంది. మన చెరువుల్లో చాలావాటికి ఉన్నది మట్టి కట్టే. తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, కాలువల్లో అది ఇప్పటికే పెరిగి, వలలు చింపుతూ, గట్లు తొలుస్తూ దెయ్యం చేప అనిపించుకుంటోంది. పెంచలేకపోతే దుకాణానికే తిరిగి ఇవ్వండి, చెరువులో మాత్రం వదలకండి.